కుర్సీ ఉంది, వోటు లేదు

కొత్తచెరువు మండల పరిషత్తులో మనవాళ్లకని ఒక కుర్సీ ఉంటుంది. కో-ఆప్షన్ మెంబర్ కుర్సీ. దాని తారీఖ్ చెప్పుకుందాం, భాయ్.

1959 నుంచి పంచాయతీ సమితుల జమానా. ఒక్కో సమితి కింద బోలెడు ఊళ్లు. 1985లో ఎన్టీఆర్ సర్కారు తాలూకాలను మండలాలుగా కోసింది. తహశీల్దారు పోయి ఎమ్మార్వో వచ్చాడు. (మన అరబ్బీ-ఫార్సీ మాట అంత తొందరగా చావదు లెండి, తర్వాత మళ్లీ తహశీల్దారే అయ్యాడు.)

1987లో మండలాధ్యక్షుణ్ణి జనమే సీదాగా వోటేసి ఎన్నుకున్నారు. 1994 చట్టం ఆ హక్కును ఎంపీటీసీల చేతిలో పెట్టింది. అదీ చేతులెత్తే పద్ధతిలో, పార్టీ విప్ కింద. విప్ దాటితే పదవి ఖతం. ఎలక్షన్ ముందు క్యాంపులు ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

ఈ సభలో పుట్టపర్తి ఎమ్మెల్యే, హిందూపురం ఎంపీ కూడా మెంబర్లే. వాళ్లతోపాటు మైనారిటీల నుంచి ఒకరు. ఆయన్ను జనం ఎన్నుకోరు, ఎంపీటీసీలే తీసుకుంటారు. 2021 సెప్టెంబరు 24న రాష్ట్రంలో నడిచిన తర్తీబు చూడండి: ముందు కో-ఆప్షన్, తర్వాత అధ్యక్షుడు. పొద్దున కుర్సీ ఎక్కినాయన మధ్యాహ్నం చెయ్యెత్తలేడు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఆడవాళ్ల రిజర్వు సీట్లో గెలిచినవాళ్లకు మాత్రం పూరా వోటు. మనకు దక్కింది ఇజ్జతే గానీ ఇఖ్తియార్ కాదని నా ఖయాల్.

ఖబ్రస్తాన్ గోడ గురించి, ఉర్దూ బడి గురించి ఆయన సవాల్ లేపొచ్చు. మినిట్స్ బుక్కులో పేరూ ఎక్కుతుంది. గోడ లేవాలంటే మాత్రం చేతులెత్తేవాళ్ల ఇళ్లకు మళ్లీ నడవాల్సిందే.