సంఘకాపరి నుండి నగరపాలకుని వరకు: ఆండ్రూ యంగ్ ప్రజాజీవితంలో సంప్రదింపుల పాత్ర

వ్యాససంగ్రహం:
అమెరికా నల్లజాతి సమాజంలో చర్చి ఆరాధనాస్థలంగానే కాక పాఠశాలగా, సభాస్థలిగా, రాజకీయ శిక్షణాలయంగా కూడా పనిచేసింది. అటువంటి చర్చి నుండి వచ్చి 1982 నుండి 1990 వరకు అట్లాంటా నగర మేయరుగా ఉన్న ఆండ్రూ యంగ్ ప్రజాజీవితాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రత్యర్థితో కూర్చొని మాట్లాడి ఒప్పించే నేర్పు ఆయన జీవితమంతటికీ ఆధారం. ఆ నేర్పు ఉద్యమంలో ఇచ్చిన ఫలితాలకు, అధికారంలో ఇచ్చిన ఫలితాలకు మధ్య గల అంతరాన్ని వివరించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: ఆండ్రూ యంగ్, అట్లాంటా, నల్లజాతి చర్చి, పౌరహక్కుల ఉద్యమం, నగరపాలన.

1. ఉపోద్ఘాతం:
ఆంగ్లంలో 'మినిస్టర్' అనే మాట మంత్రికీ, క్రైస్తవ బోధకునికీ చెల్లుతుంది. దాని లాటిన్ మూలానికి అర్థం సేవకుడు. తెలుగులో ఆ మాట వినగానే మంత్రే స్ఫురిస్తాడు. బోధకుని తెలుగు క్రైస్తవులు సంఘకాపరి అనీ, పాస్టరు అనీ అంటారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లజాతి చరిత్రలో ఈ రెండు అర్థాలూ పలుమార్లు ఒకే వ్యక్తిలో కలిశాయి. అందుకు సామాజిక కారణం ఉంది. పాస్టరుకు జీతం ఇచ్చేది అతని సంఘమే. శ్వేతజాతి యజమాని కింద పనిచేసే ఉపాధ్యాయునికో, కూలివానికో లేని స్వేచ్ఛ అతనికి ఉండేది. ఉద్యమ నాయకుల్లో పాస్టర్లు ఎక్కువగా కనిపించడానికి ఇది ముఖ్య హేతువు.

2. బాల్యం - విద్య - తొలి సంఘం:
యంగ్ 1932 మార్చి 12న న్యూ ఆర్లీన్స్ నగరంలో జన్మించారు. తండ్రి దంతవైద్యుడు, తల్లి ఉపాధ్యాయిని. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 1951లో పట్టభద్రులయ్యారు. కుటుంబం ఆశించిన వైద్యవృత్తిని కాదని, హార్ట్‌ఫర్డ్ సెమినరీలో వేదాంతవిద్య అభ్యసించి 1955లో పట్టా పొందారు. ఆపై జార్జియా రాష్ట్రంలోని థామస్‌విల్ అనే చిన్న పట్టణంలో బెథనీ కాంగ్రిగేషనల్ చర్చికి కాపరి అయ్యారు. అక్కడే నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించే పనికి పూనుకున్నారు. ఆయన విషయంలో రాజకీయం మతవృత్తిని విడిచాక మొదలైంది కాదు. ఆ వృత్తిలో భాగంగానే మొదలైంది.

3. ఉద్యమం - సంప్రదింపులు:
న్యూయార్కులో జాతీయ చర్చిల మండలి యువజన విభాగంలో కొంతకాలం పనిచేసి, 1961లో యంగ్ తిరిగి జార్జియా చేరారు. డార్చెస్టర్ కేంద్రంలో సెప్టిమా క్లార్క్, డొరతీ కాటన్‌లతో కలిసి పౌరవిద్యా పాఠశాలలను నడిపారు. ఓటరు నమోదుకు అక్షరాస్యతా పరీక్ష అడ్డుగోడగా ఉన్న రోజులవి. ఈ పాఠశాలల్లో శిక్షణ పొందినవారు తమ ఊళ్లకు వెళ్లి ఇరుగుపొరుగువారికి చదవడం, రాయడం, దరఖాస్తు నింపడం నేర్పేవారు.

1963లో బర్మింగ్‌హామ్ నగరంలో మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వాన సాగిన పోరాటంలో, శ్వేతజాతి వ్యాపారులతో చర్చలు జరిపినవారిలో యంగ్ ఒకరు. వీధుల్లో ఊరేగింపులు, దుకాణాల బహిష్కరణ, నిండిపోయిన జైళ్లు ఒకవైపు. మూసిన తలుపుల వెనుక మాటలు మరొకవైపు. ఆ రెండూ కలిసినందువల్లనే మే నెలలో ఒప్పందం సాధ్యమైంది. సత్యాగ్రహంలో గాంధీజీ కూడా ప్రతిపక్షంతో సంభాషణను ఎన్నడూ వదలలేదు. 1959లో భారతదేశాన్ని దర్శించిన కింగ్ ఆ మార్గాన్ని దగ్గరగా పరిశీలించినవారే.

సంప్రదింపులు యంగ్‌కు సురక్షితమైన పనేమీ కాలేదు. 1964 జూన్‌లో సెయింట్ అగస్టీన్ పట్టణంలో ఊరేగింపును నడిపిస్తూ దుండగుల చేతిలో తీవ్రంగా దెబ్బలు తిన్నారు. ఆ సంవత్సరమే కింగ్ సంస్థ అయిన సదరన్ క్రిస్టియన్ లీడర్‌షిప్ కాన్ఫరెన్స్‌కు కార్యనిర్వాహక సంచాలకులయ్యారు. 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో కింగ్ హత్యకు గురైనప్పుడు ఆయన అక్కడే ఉన్నారు.

4. చట్టసభ - ఐక్యరాజ్యసమితి:
1970లో కాంగ్రెసు స్థానానికి పోటీచేసి ఓడిన యంగ్, 1972లో గెలిచారు. పునర్నిర్మాణ కాలంలో, 1870-71లో కొద్దినెలలు సభ్యుడిగా ఉన్న జెఫర్సన్ లాంగ్ తరువాత జార్జియా నుండి ప్రతినిధుల సభలో అడుగుపెట్టిన తొలి నల్లజాతి సభ్యుడు ఆయనే. ఈ శతాబ్దపు వ్యవధి దక్షిణాదిలో ఓటుహక్కు నిరాకరణ ఎంత లోతైనదో చూపుతుంది.

1977లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆయనను ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారిగా నియమించారు. ఆ పదవి పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి యంగే. పాలస్తీనా విమోచన సంస్థ ప్రతినిధులతో సంబంధాలను నిషేధించిన విధానం అమలులో ఉండగా, ఆ సంస్థ పరిశీలకుణ్ణి కలిసినందుకు 1979 ఆగస్టులో రాజీనామా చేయవలసివచ్చింది. ప్రత్యర్థితోనైనా మాట్లాడాలన్న ఉద్యమ నీతికి, దౌత్య నియమానికి ఇక్కడ ఘర్షణ ఏర్పడింది.

5. మేయరు పదవి:
అట్లాంటా తొలి నల్లజాతి మేయరు మేనార్డ్ జాక్సన్ తరువాత, 1981 ఎన్నికల్లో సిడ్నీ మార్కస్‌పై యంగ్ విజయం సాధించారు. 1985లో భారీ ఆధిక్యంతో మళ్లీ ఎన్నికయ్యారు. ఆయన చేతికందిన నగరం కుంచించుకుపోతున్నది. 1980లో 4,25,022గా ఉన్న జనాభా 1990 నాటికి 3,94,017కు తగ్గింది. నివాసాలూ ఉద్యోగాలూ శివార్లకు తరలిపోయాయి. రీగన్ ప్రభుత్వం నగరాలకిచ్చే కేంద్రసహాయాన్ని కుదించింది. యంగ్ విదేశాల్లో పర్యటించి పెట్టుబడులను ఆహ్వానించారు. రాయబారిగా ఏర్పడిన పరిచయాలు ఇందుకు తోడ్పడ్డాయి. 1988లో డెమోక్రటిక్ పార్టీ జాతీయ మహాసభకు అట్లాంటా వేదికైంది. 1989లో అండర్‌గ్రౌండ్ అట్లాంటా వాణిజ్య కేంద్రం పునఃప్రారంభమైంది.

అయితే 1980లోనూ 1990లోనూ నగరవాసుల్లో నాలుగోవంతుకు మించి పేదరికంలోనే ఉన్నారు. కార్టర్ గ్రంథాలయానికి వేయదలచిన పెద్ద రహదారిని యంగ్ సమర్థించగా, స్థానిక నివాసులు న్యాయస్థానాల్లో ఎదిరించారు. క్లారెన్స్ స్టోన్ 1989లో ప్రచురించిన 'రెజీమ్ పాలిటిక్స్' అనే గ్రంథం, అట్లాంటాలో అసలు పాలన నల్లజాతి రాజకీయ నాయకత్వానికీ నగరకేంద్రపు వ్యాపారవర్గానికీ మధ్యగల అనధికారిక పొత్తు ద్వారా సాగిందని నిరూపించింది. ఈ దృష్టితో చూస్తే లోపాన్ని యంగ్ వ్యక్తిత్వంలో మాత్రమే వెదకడం సరికాదు. బర్మింగ్‌హామ్ చర్చల్లో ఆయన వెనుక వీధుల్లో నిలిచిన జనం ఉన్నారు. మేయరు కార్యాలయంలో అదే వ్యాపారవర్గంతో మాట్లాడేటప్పుడు, పేదల పక్షాన అంతటి ఒత్తిడి తెచ్చే సంఘటిత శక్తి వెనుక లేదు.

6. పదవి అనంతరం:
1990లో గవర్నరు పదవికి డెమోక్రటిక్ అభ్యర్థిత్వం కోసం జరిగిన పోటీలో జెల్ మిల్లర్ చేతిలో యంగ్ ఓడిపోయారు. ఆ సెప్టెంబరులోనే టోక్యోలో 1996 ఒలింపిక్స్ అట్లాంటాకు ఖరారయ్యాయి. ఈ సాధనలో ఆయన కృషి ప్రధానమైనది. కాని 1936లో నిర్మాణమైన టెక్‌వుడ్ హోమ్స్ అనే ప్రభుత్వ గృహసముదాయం ఈ క్రీడల సన్నాహ కాలంలోనే కూల్చివేతకు గురైంది. అక్కడి పేద కుటుంబాల్లో అధికభాగం తిరిగి ఆ చోటికి చేరలేదు. నగరానికి దక్కిన ప్రతిష్ఠ, నివాసులు కోల్పోయిన నీడ ఒకే చరిత్రకు చెందినవి.

7. ముగింపు:
* నల్లజాతి చర్చి ఇచ్చిన స్వేచ్ఛ, సంఘనిర్వహణానుభవం యంగ్ రాజకీయ జీవితానికి పునాది.
* ఉద్యమం, దౌత్యం, నగరపాలన అనే మూడు రంగాల్లోనూ ఆయన పద్ధతి ఒక్కటే: ఎదుటివారితో మాట్లాడి ఒప్పించడం.
* సంప్రదింపుల ఫలితాన్ని మాట్లాడేవారి నేర్పు ఒక్కటే నిర్ణయించదు. వారి వెనుక నిలిచే ప్రజల ఒత్తిడి కూడా నిర్ణయిస్తుంది. ఉద్యమాల నుండి అధికారానికి వచ్చిన నాయకుల పాలనను అంచనా వేసేటప్పుడు, వారు పదవిలోకి వెళ్లాక ఆ ఉద్యమం ఏమైందన్న ప్రశ్నను కూడా పరిశోధకులు పరిశీలించవలసి ఉంటుంది.