కంచెలో పుట్టిన గులాబి

గులాబిపువ్వు చేతికిస్తే ఎవరైనా ముందు రంగు చూస్తారు, వెంటనే ముక్కు దగ్గర పెట్టుకుంటారు. ఇప్పటి పూలలో చాలావాటికి ఆ రెండో పని దండగే. వాసన ఎక్కడికి పోయింది? లోపం మట్టిలో ఉందా, ఎరువులో ఉందా? చాలావరకు వంశంలోనే ఉన్నది. ఆ వంశకథ కాస్త చెప్పుకుందాం.

హిందూ మహాసముద్రంలో బోర్బన్ అనే దీవి ఉండేది. ఇప్పుడు దానిని రీయూనియన్ అంటారు. అక్కడ చేల చుట్టూ గులాబి కంచెలు వేసేవారు. ఒకటి మంచి తావి గల డమాస్క్ జాతి, రెండోది మళ్లీ మళ్లీ పూసే చైనా జాతి. రెండింటికీ సంకరం కుదిరి, కంచెలో కొత్త మొలక లేచింది. కలుపని పీకేస్తే కథ అంతటితో సరి. ఎవరో అది వేరే జాతి అని గుర్తించి నిలిపారు. వాసనా పూతా ఒక్క మొక్కకే వచ్చాయి. 1819లో దాని విత్తులు పారిస్ చేరగా, బోర్బన్ గులాబుల వంశం ఐరోపాలో సాగింది. మన దేశంలో ఎడ్వర్డ్ గులాబి అనేది ఈ జాతే. గుల్కందుకు దీని రేకులు వాడతారు.

1867లో ఫ్రాన్సులో గియో అనే తోటమాలి ‘లా ఫ్రాన్స్’ రకాన్ని తెచ్చాడు. హైబ్రిడ్ టీ గులాబులకు అదే మొదలని చెబుతారు. దానికి వాసన బాగానే ఉన్నది. తర్వాత తర్వాత పొడవు కాడ, నిండు మొగ్గ, ఎక్కువ రోజుల నిల్వ చూసి రకాలు ఎంచారు, వాసన వెనకబడింది. గులాబి వాసన తయారీలో ముఖ్యమైన ఒక ఎంజైమును 2015లో శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. వాసన లేని రకంలో దానికి సంబంధించిన జన్యువు సరిగా పనిచేయడం లేదట. అంటే, ఎంత ఎరువు వేసినా ఆ లోటు తీరదన్న మాట.

కాబట్టి పూసి ఉన్న మొక్కనే, ఉదయం పూట వాసన చూసి కొనండి. అంటుమొక్క మొదటి ఏటి పూలు చూసి తీర్పు చెప్పకండి. వేరు కుదిరి, కొమ్మ బలిసేదాకా రెండు మూడేళ్లు ఓపిక పట్టండి. అంటు కింద నుంచి లేచే పిలకలను ఎప్పటికప్పుడు తీసేయండి. పువ్వును ఎండ ముదరక ముందే కోయండి; ఎండెక్కిన కొద్దీ తావి ఎగిరిపోతుంది.

ఇంకొక్క మాట. మన దేశంలో ఎడ్వర్డునే కింది మొక్కగా పెట్టి పైన కొత్త రకాలు అంటు కట్టే వాడుక ఉన్నది. పై అంటు చచ్చి, కింద నుంచి వేరే కొమ్మ లేచిందా? పీకే ముందు ఒక్కసారి పూయనిచ్చి చూడండి.