కాపలా కుక్కకు కాపు ఎవరు?

నల్లమల వాకిట నిలిచిన ఊరు మన్ననూరు. హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్లే రహదారి ఇక్కడే అమ్రాబాదు పులుల అభయారణ్యంలోకి ప్రవేశిస్తుంది. రాత్రి 9 గంటలకు అటవీశాఖ వారు దారి మూసివేస్తారు. మరల ఉదయం 6 గంటలకే తెరుస్తారు. రాత్రివేళ అడవి మృగాలదన్న ఎరుక ఆ నిబంధనలో ఉన్నది. మనకంటె ముందు ఆ ఎరుక కుక్కకు కలిగినది.

దీపమార్పగానే కుక్క మూలుగుతున్నదని, తలుపు గోకుతున్నదని విసిగి, దానిని పెరట్లో గొలుసుతో కట్టివేసేవారిని ఎందరినో చూచాను. అడవి అంచు ఊళ్లలో చిరుతకు కుక్క సులువుగా చిక్కే ఆహారం. కట్టివేసిన కుక్కకు పారిపోయే దారి కూడ లేదు. దాని భయం మొండితనమెట్లా అవుతుంది?

ఇక్కడి చెంచులు కుక్క విలువ నెరిగినవారు. ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940లో అమ్రాబాదు పీఠభూమిపై వారి జీవనాన్ని పరిశీలించి, 1943లో గ్రంథం వెలువరించాడు. నాలుగైదు గుండ్రని గుడిసెలు కూడితే ఒక పెంట. వేటలో వింటికి తోడు కుక్క. రాత్రి ఎలుగో చిరుతో దాపునకు వస్తే ముందుగా మొరిగేదీ అదే. కుక్క తన చెవినిచ్చింది. మనిషి తన నిప్పును, పక్కన కాస్త చోటును ఇచ్చాడు.

ఈ ఒడంబడిక అతి ప్రాచీనం. జర్మనీలోని బాన్ నగరం చెంత ఓబర్‌కాసెల్‌లో 1914లో ఒక సమాధి బయల్పడింది. సుమారు 14,000 ఏండ్ల నాటి ఆ సమాధిలో ఒక స్త్రీ, ఒక పురుషుడు, వారితో ఒక కుక్కపిల్ల. ఆ పిల్ల తీవ్రవ్యాధికి లోనైనదనీ, మనుషులు సాకినందువల్లనే కొన్ని వారాలు బ్రతికినదనీ దాని పండ్లను పరీక్షించిన పరిశోధకుల అభిప్రాయం.

మన భారతకథ ఆరంభంలోనూ ఒక కుక్కపిల్ల ఉన్నది. జనమేజయుని తమ్ములు ఏ తప్పూ చేయని సారమేయుని కొట్టారు. తల్లి సరమ రాజు కడకు వచ్చి, నిరపరాధిని హింసించినవారికి కారణం తెలియని భయం కలుగుతుందని పలికింది. పిల్లలకు ఆ ఘట్టం ఎన్నోమార్లు చెప్పాను. దాని భావం మాత్రం ఉద్యోగ విరమణ తరువాత, మా ఇంటికి చేరిన ఒక అనాథ కుక్కపిల్ల వల్ల తెలిసింది.

మొదటి రాత్రి గద్దించాను; ఏడుపు హెచ్చింది. మరునాటి నుండి పద్ధతి మార్చాను. సాయంకాలం కాస్త నడిపించి, పెందలకడ అన్నం పెట్టి, పడుకోబోయే ముందు బయటకు తిప్పుకొని వచ్చేవాణ్ణి. రోజూ అదే వేళకు, అదే మూల, మా మంచం చేరువనే, నేను కట్టి విడిచిన పాత పంచెపై పడక. ఉలిక్కిపడితే మెల్లగా నిమిరేవాణ్ణి. ఓదారిస్తే భయం ముదురుతుందన్నది అపోహ. అలవాటు కుదిరిన పిదప పడకను కొద్దికొద్దిగా దూరం జరపవచ్చును. ముసలికుక్క ఉన్నట్టుండి రాత్రులు కలత పడితే మాత్రం నొప్పియో, చూపు మందగించుటయో కారణం కావచ్చును, పశువైద్యునికి చూపవలెను.

వారం తిరిగేసరికి మా పిల్ల కాళ్లు చాచి నిదురించింది. వేల ఏండ్లుగా దాని జాతి మనకు కావలి కాచింది. మా మంచం పక్కన జానెడు చోటు దానికి మేము చెల్లించవలసిన పాతబాకీయే.