స్వరలిపి ప్రయాణం: రాగిరేకు నుండి కంప్యూటరు ఫైలు దాకా



తెలుగు అక్షరాన్ని ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు చేర్చడానికి మనం పడిన పాట్లు మీకు చెప్పనక్కరలేదు. ఒక్కొక్క ఫాంటుది ఒక్కొక్క సంకేతక్రమం. ఒకదానిలో కొట్టిన పద్యాన్ని మరొకదానిలో తెరిస్తే గజిబిజి గీతలు. యూనికోడ్ వచ్చి ఆ చిక్కును చాలావరకు తీర్చింది. సంగీత స్వరలిపికి మాత్రం అది నేటికీ తీరలేదు. ఒక సాఫ్ట్‌వేరులో వ్రాసిన స్వరాన్ని మరొక సాఫ్ట్‌వేరులో చదవడమెట్లా అన్న ప్రశ్న కొత్తదిగా కనబడుతుంది గాని, దాని వేళ్ళు మన చరిత్రలో చాలా లోతున ఉన్నాయి.

తాళ్ళపాకవారి సంకీర్తనలను తిరుమలలో రాగిరేకులపై చెక్కించారు. పాట తలమీద రాగం పేరు ఉన్నది, సాహిత్యం ఉన్నది, స్వరం మాత్రం లేదు. ఆనాటివారికి వరుస కంఠస్థమే గనుక వ్రాయవలసిన అవసరం తోచి ఉండదు. 20వ శతాబ్దంలో ఆ పాటలు అచ్చులోకి వచ్చేనాటికి వరుసలు చాలావరకు జారిపోయాయి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు వాటిని కొత్తగా స్వరపరచవలసి వచ్చింది.

స్వరం వ్రాసినంత మాత్రాన రక్షణ దొరుకుతుందా అంటే అదీ లేదు. తమిళనాడులో పుదుక్కోట దాపున కుడుమియాన్‌మలై కొండపై స్వరాలు చెక్కిన శాసనం ఒకటి ఉన్నది. 7వ శతాబ్ది ప్రాంతానిదని చెబుతారు. అందులో ఒకే స్వరం ర, రి, రు, రె అని నాలుగు అచ్చులతో కనబడుతుంది. అక్షరం చెక్కుచెదరలేదు. ఆ అచ్చుల భేదం దేనిని సూచిస్తుందో మాత్రం పండితులలో నేటికీ ఏకాభిప్రాయం లేదు. ఫైలు నిలిచింది, దానిని చదివే సాఫ్ట్‌వేరు పోయింది అనుకోవచ్చు.

ఈ రెండు లోపాలనూ ఎరిగి చేసినట్టున్న మహాప్రయత్నం సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'. 1904లో తమిళదేశంలోని ఎట్టయాపురంలో అచ్చయినప్పటికీ అది తెలుగు లిపిలో వెలువడిన గ్రంథం. ముత్తుస్వామి దీక్షితుల కృతులు అందులో స్వరసహితంగా ఉన్నాయి. కంపితం, స్ఫురితం, జారు, నొక్కు, ఒరిక మొదలైన గమకాలకు ప్రత్యేకమైన గుర్తులు పెట్టి, వాటి అర్థాన్నీ గ్రంథంలోనే వివరించారు. తాళం, తాళంచెవి ఒకే మూటలో కట్టి ఇచ్చారన్నమాట. అందువల్లనే మద్రాసు సంగీత అకాడమీ 1961 నుండి తమిళ లిపిలో దానిని ప్రకటించినప్పుడు అక్షరాలు మారినా గుర్తులు నిలిచాయి.

ఈ గ్రంథం వెలువడడానికి ప్రేరేపించినవారిలో ఎ.ఎం. చిన్నస్వామి ముదలియారు ముఖ్యులు. ఆయన 1890లలోనే మన కృతులను ఐదుగీతల పాశ్చాత్య లిపిలోకి మార్చి మద్రాసులో అచ్చువేశారు. త్యాగరాజ కృతులకు వాలాజాపేట కృష్ణస్వామి భాగవతార్‌ను ఆశ్రయించారు. ఏ దేశంవాడైనా చదువుకోగలగాలన్నది ఆయన ఆశయం. నేటి మాటలో చెప్పాలంటే ఆయన చేసినది ఫార్మాటు మార్పిడి.

ఆ మార్పిడిలో చిక్కెక్కడ? ఛందస్సు చదివినవారికి సులభంగా తెలుస్తుంది. మన స్వరలిపిలో హ్రస్వం ఒక అక్షరకాలం, దీర్ఘం రెండు. లఘువు, గురువు లెక్కే. 'స' అంటే ఒకటి, 'సా' అంటే రెండు. అక్షరమే కాలాన్ని మోస్తుంది. ఇంతవరకు ఐదుగీతల లిపి తేలికగానే అందుకుంటుంది. కాని మన షడ్జానికి నియతమైన స్థానం లేదు, గాయకుని శ్రుతి ఏదైతే అదే. ఐదుగీతల లిపిలో ప్రతి గుర్తుకూ ఒక స్థానం ఇవ్వక తప్పదు. 'గ' అని వ్రాస్తే అది ఏ గాంధారమో తలమీది రాగం పేరు చెబుతుంది. శంకరాభరణంలోనూ కల్యాణిలోనూ ఉన్నది అంతర గాంధారమే. ఐనా పాడేటప్పుడు రెండింటి నడక వేరు. ఆ తేడా ఐదుగీతల మీద కనబడదు.

కంప్యూటరు యుగంలో ఇదే కథ మళ్ళీ నడిచింది. 1983లో వచ్చిన మిడి ఏ మెట్టు ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు వదలాలో చెప్పింది. అది వాయించడానికి పనికివచ్చింది గాని లిపిని పూర్తిగా మోయలేదు. సాఫ్ట్‌వేర్ల మధ్య లిపిని మార్చుకోవడానికి మైకేల్ గుడ్ రూపొందించిన మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ తొలి రూపం 2004లో వెలువడింది. 2015లో దాని బాధ్యత డబ్ల్యూ3సీ సంస్థ పరిధిలోని బృందానికి చేరింది. దాని విలువ 2024లో లోకానికి బాగా తెలిసింది. 1988 నుండి ఉన్న ఫినాలే అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేరును దాని సంస్థ ఆ ఏడాది ఆగస్టులో విరమించుకున్నది. దశాబ్దాలపాటు అందులో వ్రాసుకున్నవారికి తమ ఫైళ్ళను బయటికి తెచ్చుకునే దారి ముఖ్యంగా ఈ మ్యూజిక్ ఎక్స్ఎంఎల్లే.

మరి ఇందులో మన సంగీతం మాటేమిటి? ట్రిల్, మార్డెంట్ వంటి పాశ్చాత్య అలంకారాలకు అందులో పేర్లున్నాయి. నొక్కుకూ ఒరికకూ లేవు. 'ఇతరము' అనే ఒక గూట్లో వాటిని పెట్టవచ్చు గాని, అందుకునే సాఫ్ట్‌వేరు వాటిని గుర్తిస్తుందన్న నమ్మకం లేదు.

మా టెక్కలి ప్రాంతం నుండి ఇంకొక ఉదాహరణ. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, టెక్కలి ఇటు ఉండిపోయింది. తెలుగు, ఒడియా నేటికీ ఇక్కడ పక్కపక్కనే వినబడతాయి. యూనికోడ్‌లో ఈ రెండు లిపుల అమరిక సమాంతరంగా ఉన్నందున తెలుగు సరిగమలను ఒడియా లిపిలోకి మార్చడం ఇంచుమించు యంత్రం పని. ఐతే 'శుద్ధ రిషభం' అన్న మాటను హిందుస్తానీ నేర్చినవారి చేతికిస్తే వారు పాడేది మన చతుశ్శ్రుతి రిషభం. మన శుద్ధ రిషభం వారికి కోమల రిషభం. లిపి సరిగా చేరినా స్వరం తప్పుతుంది.

వీటన్నిటి సారం ఒక్కటే. మార్పిడిలో పోయేది వ్రాసినది కాదు, చదివేవారికి తెలుసులే అని వ్రాయక వదిలినది. కనుక స్వరాలను టైపు చేస్తున్న మిత్రులకు ఒక మనవి. మీ సాఫ్ట్‌వేరు ఫైలుతోబాటు సాదా యూనికోడ్ సరిగమల ప్రతి ఒకటి ఉంచండి. తలమీద రాగం పేరుతో సరిపెట్టక ఆరోహణ, అవరోహణ, స్వరస్థానాలు, తాళం వ్రాయండి. వాడిన ప్రతి గుర్తుకూ అర్థం చెప్పండి. వీలైతే పాడిన ధ్వనిని జతచేయండి. సుబ్బరామ దీక్షితులవారు సీసపు అచ్చులతో చేసిన పనిని మనం మీటలతో చేయలేమా?