స్తారయా లడోగా: వోల్ఖోవ్ నదీతీర గ్రామం – చరిత్ర, భూస్వరూపం

వ్యాససంగ్రహం:
రష్యా వాయవ్య ప్రాంతంలో వోల్ఖోవ్ నది ఎడమగట్టున ఉన్న స్తారయా లడోగాను ప్రాచీన స్లావిక్ జనావాసంగా పేర్కొనడం పరిపాటి. నది, గ్రామనామం, నేలపొరలు, వృత్తాంత గ్రంథాలు – ఈ ఆధారాలను కలిపి పరిశీలిస్తే, ఆ గ్రామపు స్లావిక్ స్వభావం పుట్టుకతో వచ్చినది కాదనీ, భిన్న జాతుల కలయికలో క్రమంగా రూపొందిందనీ తెలుస్తుంది.

కీలకపదాలు: స్తారయా లడోగా, వోల్ఖోవ్, స్థలనామం, వర్ణవ్యత్యయం, పురావస్తు పరిశోధన.

1. ఉపోద్ఘాతం:
రష్యా రాజ్యారంభాన్ని వృత్తాంతకారులు 862తో ముడిపెట్టారు. సముద్రం దాటి వచ్చిన రూరిక్ మొదట లడోగాలో స్థిరపడ్డాడని హైపేషియన్ వృత్తాంతం చెబుతుంది. నొవ్‌గొరోద్ మొదటి వృత్తాంతం ఆ స్థానాన్ని నొవ్‌గొరోద్‌కు ఇస్తుంది. రాజ్యస్థాపనలో స్కాండినేవియన్ల పాత్ర ఎంత అన్న వివాదం 1749లో మ్యూలర్, లొమొనోసోవ్‌ల మధ్య తీవ్రమైంది. ఆ వివాదంలో లడోగా మట్టి ఒక ముఖ్యసాక్షి.

2. నది నిర్ణయించిన స్థానం:
ఇల్మెన్ సరస్సులో పుట్టిన వోల్ఖోవ్ ఉత్తరంగా ప్రవహించి లడోగా సరస్సులో కలుస్తుంది. అక్కడినుంచి నేవా నది మీదుగా బాల్టిక్ సముద్రానికి దారి ఉంది. దక్షిణాన ఇల్మెన్ దాటితే నీపర్, వోల్గా నదీమార్గాలు అందుతాయి. గ్రామానికి ఎగువన వోల్ఖోవ్‌లో రాతిమడుగులు, వడిగల ప్రవాహాలు ఉండేవి. సముద్రపు ఓడలు అంతకు మించి సాగలేవు కనుక సరుకును నదీపడవల్లోకి మార్చవలసి వచ్చేది. లడోజ్కా అనే చిన్న ఏరు వోల్ఖోవ్‌లో కలిసే చోటు పడవలకు రేవు అయింది. ఆ ప్రవాహాలు 1926లో ప్రారంభమైన జలవిద్యుత్ కేంద్రపు ఆనకట్టతో మునిగిపోయాయి. గ్రామం అక్కడే ఎందుకు వెలసిందో నేటి నదిని చూసి ఊహించడం కష్టం.

3. పేరులోని పొరలు:
ఫిన్నిక్ భాషలో ‘పల్లపు నది’ అనే అర్థమిచ్చే పదం స్కాండినేవియన్ల నోట ‘అల్దెయ్గ్య’ అయి, స్లావిక్‌లో ‘లడోగా’గా మారిందన్నది ప్రబలమైన అభిప్రాయం. ‘అల్’ అన్నది ‘లా’ కావడం వర్ణవ్యత్యయం. తమిళ ‘ఉరల్’కు తెలుగులో ‘రోలు’ ఉండటం తెలిసినవారికి ఈ తరహా మార్పు కొత్త కాదు. ఒక్క పేరులో మూడు భాషాసమాజాలు వరుసగా నిలిచాయి.

4. నేలలోని పొరలు:
తడినేల కారణంగా కొయ్య, తోలు వంటివి ఇక్కడ చెడిపోకుండా మిగిలాయి. దుంగల వార్షిక వలయాల ఆధారంగా తొలి కట్టడాల కాలం 753గా తేలింది. అంటే వృత్తాంతం చెప్పిన తేదీకి శతాబ్దానికి పైగా ముందే ఊరు ఉంది. స్కాండినేవియా తరహా కమ్మరి పనిముట్లు, అరబ్బు వెండి నాణేలు, 1950లో దొరికిన రూన్ లిపి కొయ్యముక్క ఆ ఊరి సంబంధాల విస్తృతికి నిదర్శనాలు. ఎదుటి గట్టున ప్లాకున్ వద్ద స్కాండినేవియన్ సమాధులు ఉన్నాయి. నది వెంట ‘సోప్కి’ అనే ఎత్తయిన సమాధి దిబ్బలున్నాయి. వాటిని ఎక్కువమంది స్లావులకు ఆపాదిస్తారు.

1114 నాటి ఉదంతం మరింత విలువైనది. పెద్ద వాన కురిశాక పిల్లలకు రంధ్రాలున్న గాజుపూసలు దొరుకుతాయనీ, వోల్ఖోవ్ కూడా వాటిని ఒడ్డుకు తెస్తుందనీ లడోగా ప్రజలు వృత్తాంతకారునికి చెప్పారు. అతడు అవి మేఘం నుంచి రాలాయని నమ్మాడు. నిజానికి అవి పూర్వపు వర్తకుల పూసలు. తమ ఊరి గతం అప్పటికే ఊరివారికి అద్భుతంగా మారిపోయింది.

5. పట్టణం నుంచి గ్రామానికి:
అదే 1114లో పోసాద్నిక్ పావెల్ రాతికోటకు పునాది వేశాడు. 12వ శతాబ్దపు సెయింట్ జార్జ్ చర్చిలో ఆనాటి కుడ్యచిత్రాలు కొంతవరకు నిలిచాయి. 1704లో పీటర్ చక్రవర్తి నదీముఖం వద్ద నోవయా లడోగాను, అనగా కొత్త లడోగాను స్థాపించాడు. దానితో పాత ఊరు పట్టణహోదాను కోల్పోయి, ‘పాత’ అనే అర్థమిచ్చే ‘స్తారయా’ను పేరుకు ముందు చేర్చుకుంది.

ముగింపు:
1862లో నొవ్‌గొరోద్‌లో రష్యా సహస్రాబ్ది స్మారకం వెలసింది. 2003లో లడోగా 1250 ఏళ్ల ఉత్సవం జరిగింది. ఉత్సవానికి ఒక తేదీ, ఒక మూలపురుషుడు కావాలి. నేలపొరలు అటువంటి సౌలభ్యాన్ని ఇవ్వవు. లడోగాను స్లావులదనో స్కాండినేవియన్లదనో తేల్చే వాదంలో మొదట మరుగున పడేది ఆ ఏటికి పేరుపెట్టిన ఫిన్నిక్ జనమే. స్లావిక్ అన్న విశేషణం ఈ గ్రామం చేరిన దశను సూచిస్తుంది. దాన్ని ఆరంభానికి ఆపాదిస్తే చరిత్ర కుదించుకుపోతుంది.