రాజభక్తికి మేర

చక్రవర్తికి పన్ను చెల్లింపవచ్చునా యని యడిగినవారికి క్రీస్తు చెప్పిన ప్రత్యుత్తరము లోకప్రసిద్ధము. అందు రాజున కొక పాలును, దేవున కొక పాలును గలవు గాని, రెండు పాళ్ల నడుమ గట్టు ఎచ్చట నుండునో చెప్పబడలేదు. పౌలు రోమీయులకు వ్రాసిన లేఖలోని పదుమూడవ అధ్యాయము అధికారులకు లోబడుమని బోధించుచున్నది. ఏలినవారికి ఈ యధ్యాయము మిక్కిలి ప్రియము. దొరతనములు మారినను దీని నెత్తిచూపుట మారలేదు. ఆ గట్టును తనకు తానే వెదకికొన్న యొక రైతును గూర్చి మే మిచ్చట వ్రాయదలచితిమి.

ఫ్రాన్జ్ యేగర్‌ష్టెట్టర్ 1907లో ఆస్ట్రియాదేశమున సాంక్ట్ రాడెగుండ్ అను పల్లెలో జన్మించెను. హిట్లరు పుట్టిన బ్రౌనౌ పట్టణము ఆ జిల్లాలోనిదే. ఇతని చదువు పల్లెబడితో సరి. పడుచుతనమున అల్లరివాడని పేరు. ఊరిలో మొదట మోటారుసైకిలు తెచ్చినవా డితడే. 1936లో ఫ్రాంజిస్కాను పెండ్లాడిన పిమ్మట భక్తి బలపడెను. దంపతులకు ముగ్గురు కూతుండ్రు కలిగిరి. పొలముపనితోపాటు ఊరి గుడిలో పరిచర్యయు అతడు చేయుచుండెను.

మంచి కతోలికుడు నిజమైన నాజీ కాజాలడని ఆ ప్రాంతపు లింజ్ బిషప్పు గ్‌ఫోల్నరు 1933లోనే తన లేఖలో ప్రకటించియుండెను. అయిదేండ్లకు హిట్లరు సేన ఆస్ట్రియాలో ప్రవేశించెను. అంతట దేశములోని బిషప్పులందరును కూడి, 1938 ఏప్రిలు 10వ తేదీన జరుగు ప్రజాభిప్రాయసేకరణలో విలీనమునకు సమ్మతి తెలుపుడని భక్తులకు విన్నవించిరి. సాంక్ట్ రాడెగుండులో కాదని ఓటు వేసినవాడు ఈ రైతొక్కడే. బిషప్పులు మొదట చెప్పిన మాటను మరువకుండుటయే ఇతని నేరమని మాకు తోచుచున్నది.

1940, 41 సంవత్సరములలో కొన్ని నెలలు ఇతడు సైనికశిక్షణము పొందెను. మరల పిలుపు వచ్చినచో పోరాడరాదని అప్పుడే నిశ్చయించుకొనెను. ఇతరదేశములను దోచు యుద్ధమున ఆయుధము పట్టుట పాపమని ఇతని వాదము. గ్‌ఫోల్నరు తరువాత బిషప్పయిన ఫ్లీసరును కలిసికొనగా, యుద్ధము న్యాయమా కాదా యని తూచుట సామాన్యుని పని కాదనియు, ఆలుబిడ్డలను చూచుకొనుమనియు ఆయన హితవు చెప్పెను. 1943 మార్చిలో ఎన్స్ దండులో హాజరై ఇతడు తన నిరాకరణమును తెలిపెను. గాయపడినవారికి ఉపచారము చేయుటకు మాత్రము సిద్ధమే ననెను. కావున ఇతడు రాజ్యమునకు చేయదగిన సేవను సర్వము త్రోసివేసినవాడు కాడు, చంపుటయొక్కటే కాదనెను. న్యాయస్థానము దానిని లెక్కసేయక జూలై 6వ తేదీన మరణశిక్ష విధించెను.

ముగ్గురు బిడ్డల తండ్రికి ఈ తెగువ తగునా యని మా చదువరులలో గృహిణులు అడుగుదురు. ఆ యూరివారును అట్లే యడిగిరి. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయజాలము. ఆలుబిడ్డలు గలవానికి పాపము చేయ సెలవు లేదని యత డుత్తరము చెప్పెను గాని, ఆ యుత్తరపు వెల చెల్లించినది ఫ్రాంజిస్కా. మొదట ఆమెయు వలదని బ్రతిమాలెను. భర్త మనస్సు తెలిసిన పిదప, లోకమంతయు ఎదురైనను తానొక్కతెయైన ప్రక్క నిలువవలెనని మరి వాదింపలేదు. బెర్లిను చెరసాలలో వారి కడపటి కలయిక ఇరువది నిమిషములే. ఆగస్టు 9వ తేదీన బ్రాండెన్‌బుర్గులో అతనికి శిరచ్ఛేదము జరిగెను. ఇట్టి కారణముననే ఫ్రాన్జ్ రైనిష్ అను గురువు ఏడాది మునుపు అచ్చటనే తల నిచ్చెనని వినుటయే ఆ చెరలో అతనికి దొరికిన ఓదార్పు.

యుద్ధము ముగిసినను ఊరు మెత్తబడలేదు. తప్పు భార్యదే యన్నవారును కలరు. సైనికుల వితంతువులకిచ్చు భృతి 1950 వరకు ఆమెకు దక్కలేదు. అతని కథ ప్రకటించుటకు ఫ్లీసరు తన పత్రికకు అనుమతి నీయలేదు. గార్డన్ జాన్ అను అమెరికా పండితుడు వేరొక పరిశోధనమున తిరుగుచు ఈ సంగతి తెలిసికొని, 1964లో గ్రంథము వెలువరించెను. మరుసటి యేట, పూర్వము బొంబాయి ఆర్చిబిషప్పుగా నుండిన థామస్ రాబర్ట్సు ఈ రైతు సంగతిని వాటికను మహాసభ దృష్టికి తెచ్చెను. బెర్లిను న్యాయస్థానము 1997లో ఆ శిక్షను రద్దుచేసెను. 2007 అక్టోబరు 26వ తేదీన లింజ్ దేవాలయమున ఇతడు ధన్యుడుగా ప్రకటింపబడెను. తొంబదినాలుగేండ్ల ఫ్రాంజిస్కా ఆ సభలో ఉండెను. భర్త విడిచిన గుడిపరిచర్యను ఏండ్లకొలది చేసిన యామె 2013లో నూరేండ్లు నిండిన కొలదిదినములకు మరణించెను.