రేకు బిళ్ళ నుంచి గ్రీన్ కార్డు దాకా

తమిళనాడులోని కళుగుమలై, కోవిల్‌పట్టి, విరుదునగర్ పల్లెల్లో ఇప్పటికీ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలున్నాయి. వాళ్ళ పూర్వీకులు ఎప్పుడు, ఏ దారిన దక్షిణానికి వచ్చారో ఏ సరిహద్దు ఠాణా రాసుకోలేదు. పెద్దలు చెప్పుకున్న ఆ వలస కథలనే ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా మలిచారు.

సముద్రం దాటడం మొదలయ్యాకే లెక్కలు వచ్చాయి. 1876 నాటికి మధురై రైలు తూత్తుకుడి చేరింది; అక్కడి నుంచి కొలంబోకు పడవ. సిలోన్ (నేటి శ్రీలంక) తేయాకు తోటలకు కంగాణీలు, అంటే కూలీలను కుదిర్చే మేస్త్రీలు, తీసుకెళ్ళినవారిలో తెలుగు ఇంటిభాషగా ఉన్న అరుంధతియర్ కులస్థులూ ఉన్నారు. 20వ శతాబ్దం మొదట్లో కూలీకి ఒక రేకు బిళ్ళ ఇచ్చేవారు. తోటలున్న జిల్లాకు ఒక అక్షరం, తోటకు ఒక నంబరు దానిమీద అచ్చు గుద్ది ఉండేవి. దారిలో అధికారులకు కావలసింది మనిషి ఊరూ పేరూ కాదు, ఏ తోటకు చెందినవాడన్నదే. 1914లో పాంబన్ వంతెన వచ్చాక జనం ధనుష్కోడి దారి పట్టారు. మండపం క్యాంపులో నిలిపి, ఆరోగ్యం చూసి, పేర్లు రాసుకుని పంపేవారు.

ఆ రాకపోకలే తర్వాత వాళ్ళ మెడకు చుట్టుకున్నాయి. సిలోన్ 1949లో తెచ్చిన చట్టం ప్రకారం పౌరసత్వం కావాలంటే పెళ్ళైనవారు 1946 జనవరి 1కి ముందు ఏడేళ్ళు, కానివారు పదేళ్ళు ఎడతెగకుండా అక్కడే నివసించి ఉండాలి. ఒక్కసారి పన్నెండు నెలలు మించి బయట ఉన్నా ఆ లెక్క తెగిపోతుంది. పురిటికో జబ్బు మనిషిని చూసుకోవడానికో సొంతూరికి వచ్చి ఏడాది దాటిపోయినవాళ్ళ గతి ఏమిటి? సుమారు 8 లక్షల మంది కోసం దరఖాస్తులు పడితే, పౌరసత్వం దక్కింది దాదాపు 1,34,000 మందికే. తోటల్లో తరాలుగా చెమటోడ్చిన వాళ్ళను ఇలా కాగితాల పేరుతో బయట నిలబెట్టడం ఘోర అన్యాయం. 1964లో రెండు దేశాల ప్రధానులు కుదుర్చుకున్న సిరిమావో–శాస్త్రి ఒప్పందం 5,25,000 మందిని భారత్‌కు పంపాలని తేల్చింది.

నేడు అమెరికాలో గ్రీన్ కార్డుపై ఉంటున్న తెలుగువారికీ అలాంటి ప్రశ్నే ఎదురవుతుంది. పౌరసత్వ దరఖాస్తులో సాధారణంగా గత ఐదేళ్ళ విదేశీ ప్రయాణాలన్నీ రాయాలి. ఒకే విడతలో ఆరు నెలలు దాటితే సంజాయిషీ చెప్పుకోవాలి. ఏడాది నిండితే మామూలుగా నివాసం తెగినట్టే. అయితే అధికారి మన జ్ఞాపకంమీద ఆధారపడడు. విమానం బయల్దేరేలోపే ప్రయాణికుల వివరాలు విమాన సంస్థల నుంచి సర్కారుకు చేరతాయి. దిగగానే పాస్‌పోర్టు స్కానవుతుంది. భారత్ తన పౌరులకు విమానాశ్రయాల్లో బయల్దేరేటప్పుడు నింపే కార్డును 2017 జూలై 1 నుంచి తీసేసింది. కార్డు పోయింది కానీ నమోదు పోలేదు.

ఆ నమోదులోనూ ఖాళీలుంటాయి, ముఖ్యంగా రోడ్డు మార్గాన సరిహద్దు దాటిన పాత ప్రయాణాల్లో. అమెరికాలో ఎవరి రికార్డు వారు సమాచార చట్టం కింద అడిగి తెప్పించుకోవచ్చు. దరఖాస్తు పెట్టేముందే దాన్ని పాత పాస్‌పోర్టు ముద్రలతో, టికెట్లతో సరిచూసుకుని, తేడా కనబడిన చోట ఆధారాలు జతచేయాలి.